కంట్లో ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు ఆర్‌పీఈ చిరుగు ముప్పును అంచనా వేయడం: ఏ స్కాన్, ఏ మందు, ఏ పద్ధతి ఎంచుకోవాలి?

వయసుతో రెటీనా మధ్యభాగం (మాక్యులా) దెబ్బతిని, దాని అడుగున రక్తనాళాలు కారే జబ్బు వెట్ మాక్యులర్ డీజనరేషన్, పొట్టిగా వెట్ ఏఎండీ. దీనికి కంట్లో ఇంజెక్షన్ వేసే ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. రావడానికి అవకాశమున్న ఇబ్బందుల వరుసలో "ఆర్‌పీఈ చిరగడం", అంటే రెటీనా అడుగు పొర చిరగడం, అనే మాట అందులో ఉంటుంది. చాలామంది చదవకుండానే సంతకం పెడతారు. చదివినవాళ్లలో కొందరు అక్కడే ఆగి, ఇంటికెళ్లి అందరితో మాట్లాడి వస్తామని లేస్తారు. ఆ మాటల్లోనే మూడు నాలుగు వారాలు గడిచిపోతాయి. ఆ వ్యవధిలో కన్ను ఎంత పోగొట్టుకుంటుందో వాళ్లకు ఎవరూ చెప్పరు.

నేను ఆప్టోమెట్రిస్టుని. రెటీనా విభాగంలో ఓసీటీ స్కాన్లు, అంటే వెలుగుతో రెటీనా పొరలను అడ్డంగా కోసినట్టు చూపించే స్కాన్లు తీస్తాను. తెర మీద ఉబ్బు కనిపించగానే వెనక నిలబడ్డ కొడుకో కోడలో అడిగేది ఒకటే: "ఇంజెక్షన్ వేయిస్తే చిరుగుతుందా? వేయించకుండా ఉంటే మంచిదా?" ఇంజెక్షన్ వేయించడమా, మానడమా అన్నట్టుగా ప్రశ్న పెట్టుకుంటే దారి తప్పుతాం. ఈ చిరుగు ఏ కంట్లో వచ్చే అవకాశం ఎక్కువో చాలావరకు ముందే అంచనా వేయొచ్చు. ఆ అంచనా చేతిలో ఉంటే ఏ స్కాన్ చేయించాలి, ఎన్ని రోజులకు చూపించాలి, ఎక్కడ వేయించాలి అన్నవి తేల్చుకోవడం తేలికవుతుంది. వైద్యం మానుకోవడానికి మాత్రం దాన్ని వాడకూడదు.

చిరిగేది ఏది?

రెటీనా అడుగున ఒకే కణం మందంతో ఒక పొర ఉంటుంది. దాన్ని రెటినల్ పిగ్మెంట్ ఎపిథీలియం అంటారు, పొట్టిగా ఆర్‌పీఈ. వెలుగును పట్టే కణాలకు పోషణ అందించడం, వాటి వ్యర్థాలను తీసేయడం, చేరిన నీటిని తోడేయడం దీని పని. వెట్ ఏఎండీలో ఈ పొర కిందకు కోరాయిడ్ అనే రక్తనాళాల పొర నుంచి కొత్త రక్తనాళాలు పెరిగి వస్తాయి. అవి గట్టివి కావు, కారుతుంటాయి. ఆ ద్రవం చేరి పొర పైకి లేస్తుంది. ఈ ఉబ్బునే రిపోర్టులో పీఈడీ అని రాస్తారు.

ఇంజెక్షన్‌లోని మందు, రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది. దాంతో కొత్త రక్తనాళాల జాలం కుంచించుకుంటుంది. మనకు కావలసింది అదే. అయితే చాలా కళ్లల్లో ఆ జాలం ఉబ్బు అంతా పరుచుకుని ఉండదు, ఒక పక్కన ఆర్‌పీఈ అడుగుకు అతుక్కుని ఉంటుంది. అది ముడుచుకున్నప్పుడు తనతోపాటు పొరను లాగుతుంది. పొర అప్పటికే బిగుతుగా సాగి ఉంటే ఆ లాగుడుకు తట్టుకోలేదు. పాల మీద మీగడను చెంచాతో ఒక వైపు నుంచి లాగితే అవతలి అంచు దగ్గర తెగి ఇటు ముడుచుకున్నట్టే, ఇక్కడా జాలం ఉన్న వైపుకు ఎదురుగా, ఉబ్బు అంచున చిరుగు పడి, పొర చుట్టుకుని వెనక్కి పోతుంది. కింద కోరాయిడ్ బయటపడుతుంది. ఆ భాగం మీద ఉన్న వెలుగును పట్టే కణాలకు ఆధారం పోతుంది.

ఇది ఇంజెక్షన్లతో పుట్టిన కొత్త జబ్బు కాదు. హాస్కిన్, బర్డ్, సేమి అనే ముగ్గురు 1981లోనే దీన్ని వర్ణించారు. కంట్లో వేసే వీఈజీఎఫ్ మందులు వచ్చింది 2004 తర్వాత. అంటే పెద్ద ఉబ్బు ఉన్న కంట్లో ఏ మందూ వేయకపోయినా ఈ పొర తనంతట తాను చిరగగలదు. "వేయించకపోతే చిరగదు కదా" అనేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

ఇంకో తికమక కూడా ఇక్కడే తీర్చుకోవాలి. రెటీనా అంచుల్లో పడే చిరుగు వేరు. మెరుపులు కనిపించడం, నల్లటి చుక్కలు తేలడం దాని లక్షణాలు. దానికి లేజర్ చేస్తారు, ఒక్కోసారి ఆపరేషన్ అవసరమవుతుంది. ఆర్‌పీఈ చిరుగు రెటీనా అడుగున, ఎక్కువగా మధ్యభాగంలో పడుతుంది. దీన్ని కుట్టడానికీ లేజర్‌తో అతికించడానికీ వీలుండదు. బంధువుల్లో ఎవరికో "రెటీనా చిరిగితే లేజర్ చేశారు, బాగైంది" అని విని ఆ లెక్కలో దీన్ని చూడొద్దు.

ఎవరికి ముప్పు ఎక్కువ?

ఉబ్బు లేని వెట్ ఏఎండీలో ఈ చిరుగు అరుదు. ఉబ్బు ఉన్న కళ్లను తీసుకుని చేసిన అధ్యయనాల్లో, ఇంజెక్షన్లు మొదలైన తర్వాత సుమారు 12 నుంచి 20 శాతం కళ్లల్లో చిరుగు కనిపించింది. అంటే ఉబ్బు ఉన్నా ఎక్కువమందికి చిరగదు. అలాగని పట్టించుకోకుండా వదిలేసేంత చిన్న అంకె కూడా కాదు.

అన్నింటికన్నా నమ్మదగ్గ సూచన ఉబ్బు ఎత్తు. 400 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) దాటితే జాగ్రత్త పడాలని కొన్ని అధ్యయనాలు, 550 దాటినప్పుడు ముప్పు స్పష్టంగా పెరుగుతుందని మరికొన్ని చెప్పాయి. 400ను పసుపు గీతగా, 550ను ఎర్ర గీతగా పెట్టుకుంటే సరిపోతుంది. 390 ఉంటే భయం లేదని, 410 ఉంటే చిరుగు ఖాయమని ఎవరూ అనుకోకూడదు.

ఎత్తుతోపాటు ఉబ్బు వెడల్పు, ఉబ్బుతో పోలిస్తే రక్తనాళాల జాలం చిన్నదిగా ఒక మూలన ఉండటం, ఉబ్బు ఈమధ్యే వచ్చినది కావడం, పొర మీద ముడుతల్లాంటి గీతలు, అంచున ఇప్పటికే పడిన చిన్న చిన్న చిరుగులు, ఇవన్నీ ముప్పును పెంచేవే. ఒక కంట్లో ఇంతకుముందు చిరుగు పడి ఉంటే రెండో కంటిని ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. బీపీ, షుగర్ అదుపులో ఉండటం ఒంటికి మంచిదే, కానీ ఈ చిరుగును అంచనా వేయడానికి అవి పనికిరావు.

స్కాన్లలో దేనికి డబ్బు పెట్టాలి?

ఒక్కటే చేయించగలిగితే ఓసీటీ. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. రంగు ఎక్కించనక్కర్లేదు, నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది, ప్రతిసారీ తీయొచ్చు. ఉబ్బు ఎత్తు, దాని లోపల ఖాళీగా నీరుందా లేక జాలం అతుక్కుని ఉందా, అంచు దగ్గర పొర ఎలా ఉంది అన్నవన్నీ ఇందులోనే కనిపిస్తాయి.

అయితే ఓసీటీని ఎలా తీశారన్నది ముఖ్యం. మాక్యులా మధ్య నుంచి ఒక్క గీత తీసి ప్రింట్ ఇచ్చేస్తే అది సగం స్కానే. ఉబ్బు అన్నింటికన్నా ఎత్తుగా ఉన్న చోటు మధ్యకు పక్కగా ఉండొచ్చు. అందుకే మాక్యులా అంతటా వరసగా గీతలు తీసే వాల్యూమ్ స్కాన్ కావాలి. తర్వాతిసారి అదే చోటు నుంచి తీసే ఫాలోఅప్ పద్ధతి మెషీన్‌లో ఉంటే దాన్ని వాడమనాలి. పోల్చి చూడటానికి అదే ఆధారం.

ప్రింట్ మీద పెద్ద అక్షరాల్లో కనిపించే "సెంట్రల్ థిక్‌నెస్" అంకెను చూసి చాలామంది మోసపోతారు. అది ఉబ్బు ఎత్తు కాదు. కొన్ని మెషీన్లు రెటీనా పై అంచు నుంచి ఆర్‌పీఈ వరకు కొలుస్తాయి, సిర్రస్ అలాంటిది. స్పెక్ట్రాలిస్ లాంటివి ఇంకా కిందున్న, ఉబ్బుకు అడుగుగా ఉండే బ్రూక్స్ పొర వరకు కొలుస్తాయి. ఒకే కంటిని రెండు చోట్ల తీయిస్తే రెండు అంకెలు వస్తాయి. ఒకదాంట్లో ఉబ్బు కలిసిపోతుంది, ఇంకోదాంట్లో అసలు లెక్కకే రాదు. "పోయినసారి 310, ఈసారి 520, పెరిగిపోయింది" అని టెన్షన్ పడుతూ వచ్చిన వాళ్లను చూశాను, తేడా అంతా మెషీన్ మారడం వల్లే. మీరు అడగాల్సింది ఒక్కటే: బ్రూక్స్ పొర నుంచి ఆర్‌పీఈ దాకా, ఉబ్బు శిఖరం దగ్గర ఎత్తు ఎంత? తెర మీద కొలత గీత లాగి చూడటానికి నిమిషం కూడా పట్టదు. ఆ అంకెను ఫైల్ మీద రాయించుకోండి.

కొన్ని ఓసీటీ మెషీన్లు స్కాన్‌తోపాటు ఇన్‌ఫ్రారెడ్ ఫొటో కూడా తీస్తాయి. వేరే డబ్బు అక్కర్లేదు. ఉబ్బు మీద ఒక వైపు నుంచి కిరణాల్లా పరుచుకున్న తెల్లటి గీతలు అందులో కనిపిస్తే, పొర అప్పటికే లాగుడులో ఉందని అనుమానించాలి. ఉచితంగా వచ్చే సమాచారమిది, చాలా రిపోర్టుల్లో దీన్ని ఎవరూ చూడకుండానే పేజీ తిప్పేస్తారు. అడిగి చూపించుకోండి.

ఫ్లోరసీన్ ఆంజియోలో చేతి నరంలోకి పసుపు రంగు ఎక్కించి ఫొటోలు తీస్తారు. జాలం ఎంతుంది, ఉబ్బులో ఎంత భాగాన్ని ఆక్రమించింది అన్నది ఇందులో తెలుస్తుంది. మొదటి రోగనిర్ధారణ సమయంలో ఒకసారి చేయించడం విలువైనదే. కాసేపు వికారం రావొచ్చు, అలర్జీ అరుదుగా వస్తుంది, మూత్రం ఆ రోజంతా పసుపుగా వస్తుంది. ప్రతి ఇంజెక్షన్‌కూ దీన్ని మళ్లీ మళ్లీ చేయించాల్సిన పని లేదు. ఓసీటీ ఆంజియో అయితే రంగు లేకుండానే జాలాన్ని చూపిస్తుంది, మళ్లీ మళ్లీ తీయొచ్చు. కానీ ఉబ్బు ఎత్తుగా ఉన్న కంట్లోనే అది తడబడుతుంది, పొరల హద్దులను తప్పుగా గీసి, జాలం ఉన్నచోట లేనట్టు చూపించొచ్చు. మనకు అవసరమైన కంట్లోనే దాని బలహీనత ఉంది కాబట్టి, డబ్బు ఒక్కదానికే ఉంటే నేను వాల్యూమ్ ఓసీటీ వైపే మొగ్గుతాను.

వేరే రంగు ఎక్కించి కోరాయిడ్ నాళాలను చూసే ఐసీజీ ఆంజియో సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన దేశంలో, ఇతర ఆసియా దేశాల్లో వెట్ ఏఎండీగా కనిపించే కళ్లలో చెప్పుకోదగ్గ భాగం నిజానికి పీసీవీ, అంటే పాలిపాయిడల్ కోరాయిడల్ వాస్క్యులోపతి. నాళాల చివర చిన్న చిన్న బుడిపెలు ఉండి, వాటి మీద నిటారుగా ఉబ్బు లేస్తుంది. పాశ్చాత్య దేశాల్లో ఇంత ఎక్కువగా ఉండదు. దీన్ని గుర్తించడానికి ఐసీజీనే సరైన పరీక్ష. గుర్తిస్తే వైద్యం దారి మారొచ్చు కాబట్టి, ఉబ్బు బాగా ఎత్తుగా, నారింజ రంగు బుడిపెలతో, రక్తంతో ఉన్నప్పుడు డాక్టరు ఐసీజీ అడిగితే "ఇంకో టెస్టా" అని విసుక్కోవద్దు. ఆ రంగులో అయోడైడ్ ఉంటుంది, అయోడిన్ అలర్జీ ఉంటే ముందే చెప్పాలి.

ఆటోఫ్లోరసెన్స్ ఫొటో చిరుగును ముందే పసిగట్టడంలో పెద్దగా సాయపడదు. చిరిగిందో లేదో తేల్చడంలో మాత్రం దానికి సాటి లేదు. ఆర్‌పీఈ పోయిన చోటు నల్లగా, అంచులు కత్తిరించినట్టుగా కనిపిస్తుంది. మొదటి ఇంజెక్షన్‌కు ముందు ఒకటి తీసి పెట్టుకుంటే తర్వాత పోల్చుకోవచ్చు. కృత్రిమ మేధతో ఓసీటీని చదివి ముప్పును లెక్కగట్టే ప్రయత్నాలు పరిశోధనల్లో సాగుతున్నాయి. మీ అమ్మగారి కంటి విషయంలో ఈ రోజు తీసుకునే నిర్ణయానికి మాత్రం జాగ్రత్తగా కొలిచిన ఓసీటీ చాలు.

ముప్పు ఎక్కువని తేలితే ఏం చేయాలి?

మన ముందుండే దారులు మూడు. అనుకున్నట్టే నెలనెలా ఇంజెక్షన్లు మొదలుపెట్టడం, మందు తగ్గించో గ్యాప్ పెంచో మెల్లగా వెళ్లడం, కొన్నాళ్లు ఆగి చూడటం.

ఆగి చూడటం గురించి ముందు చెబుతాను, ఎక్కువమంది మనసు అటే లాగుతుంది కాబట్టి. ఆగితే రక్తనాళాలు ఆగవు. ఉబ్బు పెరుగుతుంది, రక్తం కారుతుంది, చివరికి మచ్చ గట్టిపడుతుంది. ఎత్తు పెరిగితే చిరుగు ముప్పూ పెరుగుతుంది. చిరుగుకు భయపడి ఆగినవాళ్లు ముప్పు తగ్గకుండానే చూపు పోగొట్టుకునే పరిస్థితి ఇది. వెట్ జబ్బు చురుగ్గా ఉన్న కంట్లో ఈ దారిని నేను ఎవరికీ చెప్పను. మచ్చ పూర్తిగా గట్టిపడి, మందుతో చూపు వచ్చే ఆశ లేదని డాక్టరు తేల్చిన కన్నయితే అది వేరే మాట.

మెల్లగా వెళ్లడం వినడానికి తెలివైనదిగా ఉంటుంది. తక్కువ మందు వేస్తే జాలం తక్కువ వేగంతో కుంచించుకుంటుంది, లాగుడు తగ్గుతుంది అన్నది ఆలోచన. అలా చేస్తే చిరుగులు తగ్గుతాయని గట్టిగా నిరూపణ అయితే లేదు. తగినంత మందు పడకపోతే జబ్బు అదుపులోకి రాదన్నది మాత్రం చాలా అనుభవంతో తేలిన విషయం. ఒక్కో కంటిని బట్టి డాక్టరు ఈ దారి ఎంచుకుంటే కారణం అడిగి తెలుసుకోండి. మీ అంతట మీరు "ఒక నెల వదిలేసి వేయిద్దాం" అని నిర్ణయించుకోవద్దు.

మిగిలింది మొదటి దారి. నెలకొకటి చొప్పున మొదటి 3 ఇంజెక్షన్లు, కానీ ముప్పు ఎక్కువగా ఉన్న కంటిని ముప్పు ఎక్కువున్నట్టే చూసుకుంటూ. చిరుగుల్లో ఎక్కువ భాగం మొదటి ఒకటి రెండు మూడు ఇంజెక్షన్ల తర్వాతి వారాల్లోనే పడతాయి. అందుకే ఈ 3 నెలల్లో ప్రతి ఇంజెక్షన్‌కు ముందు ఓసీటీ ఉండాలి. స్కాన్ లేకుండా "ఈసారి డైరెక్టుగా వేసేద్దాం" అంటే ఒప్పుకోవద్దు. ఆ ఖర్చు మిగిల్చుకోవడానికి ఇది సమయం కాదు. మూడు దారుల్లో నేను సలహా ఇచ్చేది ఇదే.

పీసీవీ అని తేలినవాళ్లకు ఇంకో ఎంపిక ఉంది, ఇంజెక్షన్‌తోపాటు నరంలోకి వెర్టిపోర్ఫిన్ మందు ఎక్కించి, కంట్లోకి లేజర్ వెలుగు వేసి చేసే ఫోటోడైనమిక్ థెరపీ. ఎవరెస్ట్ 2 ట్రయల్‌లో ఒక్క రానిబిజుమాబ్ ఇంజెక్షన్ కన్నా రెండూ కలిపిన పద్ధతి చూపులోనూ, బుడిపెలు మూసుకోవడంలోనూ మెరుగ్గా నిలిచింది. ప్లానెట్ ట్రయల్‌లో అఫ్లిబర్సెప్ట్ ఇంజెక్షన్ ఒక్కటే చాలామందికి సరిపోయింది. వెర్టిపోర్ఫిన్ అన్నిచోట్లా దొరకదు, కాబట్టి ముందు ఇంజెక్షన్లతో మొదలుపెట్టి చూడటం తప్పేమీ కాదు.

మందుల మధ్య తేడా ఎంత?

"చిరగని మందు ఏది?" అని అడుగుతారు. అలాంటిది లేదు. బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబర్సెప్ట్, బ్రోలుసిజుమాబ్, ఫారిసిమాబ్ అన్నింటితోనూ చిరుగులు నమోదయ్యాయి. ఫలానా మందుతో తక్కువ అని గట్టిగా చెప్పగల ఆధారం ఇప్పటికి లేదు. అందుకే మందును ఎంచుకునేటప్పుడు చిరుగును పక్కన పెట్టి మిగతా లెక్కలు చూడాలి.

డబ్బు ఇబ్బంది ఉన్న ఇంట్లో బెవాసిజుమాబ్, అంటే అవాస్టిన్, గౌరవంగా ఎంచుకోదగ్గ మందు. ఇది క్యాన్సర్ కోసం వచ్చిన మందు, కంటికి ఆఫ్-లేబుల్‌గా, అంటే అనుమతి పత్రంలో లేని వాడకంగా, వాడతారు. 2011లో వెలువడిన క్యాట్ ట్రయల్‌లో ఒకే షెడ్యూల్‌లో వేసినప్పుడు చూపు విషయంలో ఇది రానిబిజుమాబ్‌తో సమానంగా నిలిచింది. అసలు జాగ్రత్త దీన్ని పంచే దగ్గర. పెద్ద వయల్ నుంచి చిన్న చిన్న డోసులుగా తీస్తారు కాబట్టి, ఆ పని శుభ్రంగా జరిగే ఆసుపత్రిలోనే వేయించాలి. రానిబిజుమాబ్‌కు 2015 నుంచి మన దేశంలో తయారైన బయోసిమిలర్, అంటే అసలు మందును పోలిన మందు, ఉంది, ధర అసలు బ్రాండు కన్నా తక్కువ, ఒక్క కంటి కోసమే వచ్చే వయల్. మధ్యస్థంగా ఖర్చు పెట్టగలిగేవాళ్లకు నేను తరచూ చెప్పేది దీని గురించే.

అఫ్లిబర్సెప్ట్ 2 మిల్లీగ్రాముల డోసు, మొదటి 3 నెలల తర్వాత చాలామందికి రెండు నెలలకోసారి సరిపోతుంది. ఆసుపత్రి దూరంగా ఉన్నవాళ్లకు ప్రయాణాల ఖర్చు కలిపి చూస్తే అంత ఖరీదుగా అనిపించదు. ఫారిసిమాబ్‌కు అమెరికాలో 2022 జనవరిలో అనుమతి వచ్చింది. వీఈజీఎఫ్‌తోపాటు యాంజియోపాయిటిన్-2 అనే మరో ప్రోటీన్‌ను కూడా అడ్డుకుంటుంది, కొందరిలో గ్యాప్ 16 వారాల దాకా పెంచొచ్చు. బ్రోలుసిజుమాబ్ నీటిని బాగా ఆరబెడుతుంది, కానీ 2020లో కంటి లోపల వాపు, రెటీనా రక్తనాళాలు మూసుకుపోవడం గురించి హెచ్చరికలు వచ్చాయి. ఒకే కన్ను పనిచేస్తున్న మనిషికి దీన్ని మొదటి మందుగా ఎంచుకోవడానికి నేను వెనకాడతాను.

ఖర్చు మాట వచ్చింది కాబట్టి: ఆరోగ్య బీమా పాలసీలు తప్పక కవర్ చేయాల్సిన ఆధునిక చికిత్సల జాబితాలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంట్లో వేసే ఇంజెక్షన్లను చేర్చింది. కంపెనీలు పరిమితి పెట్టొచ్చు, పాత జబ్బుల వెయిటింగ్ ఉండొచ్చు. "డే కేర్ కాదు, రాదు" అని కౌంటర్ దగ్గర ఎవరో అన్నారని వదిలేయకుండా పాలసీ కాగితం తీసి చూడండి.

దగ్గర్లోనా, పెద్ద ఆసుపత్రిలోనా?

మన ఊళ్ల నుంచి హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం, చెన్నైలకు వెళ్లేవాళ్లకు ఇది నిజమైన ఇబ్బంది. మొదటిసారి పెద్ద చోట చూపిస్తారు, తర్వాత నెలనెలా వెళ్లలేక మానేస్తారు. ముప్పు ఎక్కువగా ఉన్న కంటికి మధ్యలో మానేయడం చాలా చెడు చేస్తుంది. ఎల్‌వీ ప్రసాద్ లాంటి పెద్ద సంస్థలో మొదటి పరీక్షలు, ఆంజియో, ప్లాన్ అన్నీ చేయించుకుని, ఇంజెక్షన్లు ఇంటికి దగ్గరలో రెటీనా స్పెషలిస్టు, ఓసీటీ రెండూ ఉన్న చోట వేయించుకోవడం చాలామందికి కుదిరే దారి. రెండిట్లో ఏది లేకపోయినా ఆ 3 నెలలు దూరమైనా పెద్ద చోటికే వెళ్లండి. స్కాన్లను ప్రింట్‌గా కాకుండా పూర్తి ఫైల్‌గా, పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. ప్రింట్‌లో వాల్యూమ్ స్కాన్ అంతా రాదు.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, అమ్మానాన్నలు ఆరు నెలలకు వెళ్లే ప్లాన్ ఉంటే, మొదటి 3 ఇంజెక్షన్లు పూర్తయి కన్ను నిలకడగా ఉందని డాక్టరు చెప్పేదాకా టికెట్ జరపండి. విజిటర్ ఇన్సూరెన్సులు పాత జబ్బులకు సాధారణంగా వర్తించవు, అక్కడ ఒక్క ఇంజెక్షన్ ఖర్చు ఇక్కడి ఏడాది వైద్యాన్ని మించిపోవచ్చు.

ఇంట్లో రోజూ ఒక్కో కన్ను మూసి ఆమ్స్లర్ గడుల కాగితం చూసుకోవాలి. గీతలు హఠాత్తుగా వంకరైతే, మధ్యలో మసక పెరిగితే, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెళ్లాలి. చిరుగు పడినప్పుడు సాధారణంగా నొప్పి ఉండదు. ఇంజెక్షన్ వేసిన కొద్ది రోజుల్లో నొప్పి, ఎరుపు, చూపు మసకబారడం కలిసి వస్తే అది ఇన్‌ఫెక్షన్ కావొచ్చు, అదే రోజు, అర్ధరాత్రయినా, వెళ్లాల్సిందే. ఇంకో మాట. చిరిగాక ఇంట్లో ఒకరినొకరు అనుకోవడం చూస్తాను: వంగి ముగ్గు వేసింది, మనవణ్ణి ఎత్తుకుంది, తలస్నానం చేసింది అని. ఈ చిరుగు ఉబ్బు లోపలి లాగుడు నుంచి పుడుతుంది. పెద్దావిడ చేసిన పనుల వల్ల జరిగిందని ఆమెను నొప్పించకండి.

చిరిగితే ఆపాలా, కొనసాగించాలా?

చిరుగులన్నీ ఒకటి కావు. సరాఫ్ బృందం 2010లో చేసిన వర్గీకరణ ప్రకారం 200 మైక్రాన్ల లోపుది గ్రేడ్ 1, అక్కడి నుంచి ఒక డిస్క్ (కంటి నరం మొదలయ్యే గుండ్రటి చోటు) వెడల్పు దాకా, అంటే సుమారు 1.5 మిల్లీమీటర్ల దాకా గ్రేడ్ 2, అంతకు మించితే గ్రేడ్ 3. అంత పెద్దదై, చూపుకు కేంద్రమైన ఫోవియాను కూడా కలుపుకుంటే గ్రేడ్ 4. మీరు డాక్టరును అడగాల్సిన మొదటి ప్రశ్న ఫోవియా మిగిలిందా అన్నదే. ఫోవియా మీద పొర నిలిచి ఉంటే, చిరుగు పడ్డాక కూడా చూపు నిలబడిన, కొంత మెరుగైన కళ్లు చాలా ఉన్నాయి. గ్రేడ్ 4లో అంత ఆశ పెట్టుకోలేం.

"మందు వల్లే చిరిగింది, ఇక వద్దు" అనేది సహజంగా వచ్చే మాట. కానీ చిరిగిన తర్వాత కూడా జాలం బతికే ఉంటుంది. మందు ఆపేస్తే మళ్లీ కారుతుంది, రక్తం వస్తుంది, మచ్చ పెరుగుతుంది. ఓసీటీలో ద్రవం ఉన్నంతకాలం కొనసాగించడమే మేలని ఇప్పటిదాకా వచ్చిన అనుభవం చెబుతోంది. కొనసాగించిన కళ్లల్లో చాలావరకు చూపు నిలకడ పడింది. ఫోవియా పోయి, మచ్చ గట్టిపడి, ద్రవం లేకపోతే అప్పుడు ఆపడం గురించి మాట్లాడుకోవచ్చు. మిగిలిన చూపుతో చదువుకోవడానికి లో విజన్ పరికరాలు ఉంటాయి, పెద్ద కంటి ఆసుపత్రుల్లో వాటికి ప్రత్యేక విభాగాలు ఉన్నాయి, అడగండి.

ఒక కన్ను చిరిగిన మనిషికి రెండో కంటి పట్ల శ్రద్ధ రెట్టింపు కావాలి. మామూలుగా అందరూ చెడిన కంటి చుట్టూనే తిరుగుతారు, బాగున్న కంటికి స్కాన్ కూడా తీయరు. ప్రతి విజిట్‌లో రెండు కళ్లకూ వాల్యూమ్ ఓసీటీ తీయించి, రెండో కంట్లో చిన్న ఉబ్బు కనిపించినా ఎత్తును ఫైల్ మీద రాయించండి. అది 150 మైక్రాన్లు ఉన్నప్పుడే వైద్యం మొదలైతే, 500 దాటాక మొదలుపెట్టాల్సిన అవసరం రాకపోవచ్చు.